ముందిన వైర్ తెగి

ఒక నిమ్మకాయ, జానెడు వైరు, కన్నడంలో ఒకే ఒక్క మాట. ఈ మూడింటితో మనిషి తన పరువును ఒకే పూటలో రెండుసార్లు ఎలా తీసుకోవచ్చో నాకు తెలిసినంత బాగా బళ్లారిలో ఇంకెవరికీ తెలియదు. నేను చేసి చూశాను, మీరు చేయనక్కర్లేదు.

నాలుగేళ్ల కిందటి మాట. మాది గోదావరి పక్క. ఎలక్ట్రికల్ డిప్లొమా చేశాను, బళ్లారి పిల్ల సుజాతను చేసుకున్నాను, ఉద్యోగం కూడా ఇక్కడే చూసుకుని గాంధీనగర్‌లో అత్తగారింటి పక్క వీధిలోనే కాపురం పెట్టాను. మూడు నెలల్లో కన్నడం వచ్చేసిందని నా నమ్మకం. "సగం మాటలు తెలుగే, మిగతా సగం ఊహించుకోవచ్చు" అని అందరికీ చెప్పేవాణ్ణి. ఆ ఊహే నా కొంప ముంచింది.

మామగారు ఎర్రిస్వామి గారికి ఒక పాత కారుంది. దాన్ని కూతురికంటే ఒక పిసరు ఎక్కువగానే చూసుకుంటారు. అత్తగారు ప్రతి అమావాస్యకూ దాని ముందు నిమ్మకాయ, మిరపకాయలు కట్టిస్తారు.

"నెల తిరక్కముందే దారం తెగిపోతాంది. మంచిది కాదప్పా" అని ఆవిడ ఆ అమావాస్య రోజు బాధపడింది.

నాలోని ఇంజనీరు ఊరుకుంటాడా? "దారమెందుకు అత్తయ్యా, నేను కడతా చూడండి" అని ఇంట్లో పడున్న రాగివైరు ముక్క తీసి, పైతొడుగు ఒలిచి, నిమ్మకాయ గుచ్చి, కారు ముందు జాలీలోంచి లోపలికి దూర్చి మెలిపెట్టాను. "ఇది ఈ జన్మలో తెగదు" అని కూడా అన్నాను. నోరు ఊరుకోదు కదా.

మర్నాడు బావమరిది సంబంధం మాట్లాడటానికి అందరం కురుగోడు వెళ్లాలి. పదకొండు లోపల రమ్మన్నారు. వాడికి అప్పటికే రెండు సంబంధాలు తప్పిపోయాయి. ఇదీ తప్పితే అత్తగారు మంచం పట్టేలా ఉన్నారు. ఎనిమిదింటికి మామగారు కారు తీశారు. గేటు దాటిందో లేదో, ఎవరూ నొక్కకుండానే హారన్ మొదలైంది. ఆగదు. వీధి వీధంతా బయటికొచ్చి చూసింది.

నేను పరుగెత్తి ఫ్యూజు పీకాను. మోత ఆగింది. అక్కడితో ఊరుకుని ఉంటే ఈ కథే లేదు.

"హారన్ లేకుండా కురుగోడు రోడ్డులో యాడికి పోతామప్పా? ట్రాక్టరోళ్లు పక్కకు జరుగుతారా?" అన్నారు మామగారు. "మెకానిక్ కరిబసప్పను పిలుస్తా."

"ఇంట్లో నేనుండగా మెకానిక్కా మామయ్యా? మీరు స్నానం చేసి రండి."

ఆయన లోపలికెళ్లగానే నేను రహస్యంగా కంటోన్మెంట్ కరిబసప్పకే ఫోన్ చేశాను. ఊరందరినీ 'నువ్వు' అనే పెద్దాయన. నేను సంగతి చెప్పీ చెప్పకముందే, "మొదలు ముందిన వైర్ తెగి. సరి హోగ్తదె" అని పెట్టేశాడు.

"ఏమన్నాడు?" అంది సుజాత.

"ముందు వైపు వైరేదో తెగిందట. అతికిస్తే సరిపోతుందట."

"చానా సేపు పడుతుందా?"

"పది నిమిషాలు!"

అప్పుడు నేను అన్న పది నిమిషాల్ని తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. సంబంధానికని వేసుకున్న ఇస్త్రీ చొక్కాతోనే బానెట్ కింద దూరాను. మీటరు పట్టి ఒక్కో వైరూ చూశాను. అన్నీ బాగున్నాయి. లోపల తెగిందేమోనని స్టీరింగు కింది మూత ఊడదీశాను. అక్కడా బాగున్నాయి. డ్యాష్‌బోర్డు విప్పాను. ఎంత వెతికినా తెగిన వైరు ఒక్కటీ లేదు. మామూలు మనిషైతే సంతోషిస్తాడు. నాకు మాత్రం తెగ కోపం వచ్చింది.

మామగారు పంచె సర్దుకుంటూ వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయారు. "ఏందప్పా ఇది! కారు యాడ?"

"ఇదే మామయ్యా. కొంచెం విప్పాను."

ఆయన కరిబసప్పకు ఫోన్ కలిపి స్పీకరు పెట్టారు. ముందే చెప్పాను కదా అని అవతలినుంచి గావుకేక: "హేళిదెనల్లప్పా, ముందిన వైర్ తెగి అంత!"

మామగారు తిన్నగా కారు ముందుకెళ్లి, వంగి, నా రాగివైరు మెలి విప్పి లాగేశారు. నిమ్మకాయ దొర్లుకుంటూ వచ్చి నా కాళ్ల దగ్గర ఆగింది. ఫ్యూజు పెట్టి చూస్తే చప్పుడు లేదు. నొక్కితే మాత్రం హారన్ ముచ్చటగా ఒక్కసారి మోగింది. జాలీ వెనక నా వైరే అటు హారన్‌కూ ఇటు బాడీకీ తగులుకుని, మాకు బదులు తనే హారన్ కొడుతోందన్నమాట.

సుజాత నెత్తి కొట్టుకుంది. "తెగి అంటే కన్నడంలో తీసెయ్యమని గదండీ! మీకు కన్నడం వచ్చంటిరే!"

అమావాస్య మర్నాడు తన దగ్గరికి ఇలాంటి బళ్లు నాలుగైనా వస్తాయనీ, అన్నీ చదువుకున్నోళ్లవేననీ కరిబసప్ప ఫోన్లో ఇంకా చెబుతూనే ఉన్నాడు.

విప్పినవన్నీ ఎలాగో బిగించి, మిగిలిన స్క్రూలు జేబులో వేసుకున్నాను. కుడివైపు తిరగడానికి సిగ్నల్ వేస్తే వైపర్లు ఆడాయి, మరి ఆగలేదు. మండే ఎండలో అద్దం తుడుచుకుంటూ పదకొండుకు ఐదు నిమిషాలుందనగా కురుగోడు చేరాం.

పెళ్లికూతురి తండ్రి ఎదురొచ్చి, "వాన యాడ పడినాదప్పా?" అన్నాడు. మామగారు నావైపు చూశారు. నేను నేలవైపు చూశాను.

లోపల చాప మీద కూర్చుని ఒక్కటే తీర్మానం చేసుకున్నాను. ఈ ఇంట్లో ఎవరు 'తెగి' అన్నా అది కన్నడమే. తీసెయ్యమనే. ఇంకోసారి నవ్వులపాలు కాకూడదు.

పెళ్లికూతురి అవ్వ నన్నే చూస్తోంది. "అప్పా, చొక్కా గుండీ తెగి..." అని దగ్గు వచ్చి ఆగింది.

ఈ ఊళ్లో ఇదో ఆచారం కాబోలు అనుకున్నాను. పెద్దావిడ మాట. మారు ఆలోచించకుండా పై గుండీ తీశాను. ఆవిడ దగ్గుతూనే ఉంది. రెండోది తీశాను. మూడోది తీశాను. ఆడవాళ్లంతా తలలు తిప్పుకున్నారు. సుజాత కొంగు నోట్లో కుక్కుకుంది. నాలుగోది తీస్తుండగా అవ్వకు దగ్గు తెరిపిచ్చింది.

"...ఏలాడతాండాది, ఊడిపోతాది సూసుకో అంటాంటే, విప్పుతావేందప్పా!"

బానెట్ కింద దూరినప్పుడు తెగిన గుండీ అది. అవ్వ మాట్లాడింది అచ్చ తెలుగు.

తలుపు వెనక పెళ్లికూతురు పగలబడి నవ్వింది. అది విని మా బావమరిది నవ్వాడు. సంబంధం అక్కడే కుదిరింది. ఆ పిల్ల ఇప్పటికీ నాకు కాఫీ ఇచ్చి, "అన్నా, గుండీలు జాగ్రత్త" అంటుంది.

కనుక అందరి ముందూ ప్రమాణం చేస్తున్నాను. ఇకమీద ఎవరు 'తెగి' అన్నా, తర్వాతి మాట వాళ్ల నోటినుంచి వచ్చేదాకా నా రెండు చేతులూ కట్టేసుకుని కూర్చుంటాను. వైరుతో కాదు, దారంతో.