సైరన్ ఆపిన ల్యాంప్ రూమ్ మామ

పోయిన శుక్రవారం కాలేజీలో పరీక్ష పేపర్లు దిద్దుతుంటే గని నుంచి ఫోన్ వచ్చింది. లోపల నీటి పంపు చూసుకునే ఆయన చేశాడు. "మేడం, ల్యాంప్ రూమ్ మామ పొద్దున్నే పోయినాడు. టీ తాగి పండుకున్నాడంట, మళ్ళా లేయలేదంట," అన్నాడు. "మీకు నేనే చెప్పల్లనిపించింది," అని పెట్టేశాడు. ఆయనకే ఎందుకు అలా అనిపించిందో నాకు తెలుసు.

మామ నాకు బంధువు కాడు. గనిలో అందరూ అలా పిలిచేవాళ్ళు, నేనూ పిలిచాను. మా జిల్లాలో చాలాకాలం కిందట మూతబడిన ఒక బంగారు గనిని మళ్ళీ తెరిచినప్పుడు, పాతవాళ్ళలో ఒంట్లో సత్తువ మిగిలిన కొద్దిమందిని పనిలోకి పిలిచారు. ఆయన వాళ్ళలో ఒకడు. మధ్యలో ఆ ఏళ్ళన్నీ వేరుశనగ చేలల్లో కూలికి పోయాడు. తలకు పెట్టుకునే దీపాల గది ఆయనది. దిగేవాళ్ళకు దీపం ఇవ్వడం, పైకి వచ్చాక తీసుకుని దాని నంబరు కొక్కేనికి తగిలించడం పని. తీసుకునేటప్పుడు ప్రతి మనిషి మొహంలోకీ ఒకసారి చూసేవాడు. "ఏమప్పా, కండ్లు ఎర్రగుండాయే, నిద్ర పోలేదా?" ఇలాంటిదేదో ఒకటి అడగందే దీపం ముట్టేవాడు కాదు. వెనక నిలబడినవాళ్ళు, "మామా, పెండ్లిచూపులా ఏమన్నానా? బిరీన కానీ," అని అరిచేవాళ్ళు.

నేను ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెబుతాను. గని లోపల ఎవరు ఎక్కడున్నారో పైన తెర మీద కనిపించే వైర్‌లెస్ ఏర్పాటు పని మా కాలేజీకి వచ్చింది. ఒక్కొక్కరి బెల్టుకు అగ్గిపెట్టెంత ట్యాగు (మామ దాన్ని బిళ్ళ అనేవాడు), సొరంగం గోడలకు అక్కడక్కడా రిసీవర్ పెట్టెలు. బయట ఫోన్ పలికినట్టు లోపల పలకదు, రాయి సిగ్నల్‌ను మింగేస్తుంది. నేను మ్యాపు మీద స్కేలుతో గుర్తులు పెట్టుకుని దిగాను. మూడో మలుపు దగ్గరే ట్యాగు నా చేతిలోని చిన్న తెర మీద కనబడకుండా పోయింది. తోడొచ్చిన మామ మలుపు అవతలికి పోయి గట్టిగా అరిచాడు. నాకు గుసగుసలాగా వినబడింది. తిరిగొచ్చి, "ఈడ నా గొంతే పోదు పాపా, తీగ లేని నీ మాట యాడ పోతాది?" అన్నాడు. రెండు రోజులు ఆయన అరుస్తూ, నేను వింటూ పెట్టెల చోట్లు మార్చుకున్నాం. గొంతు పోయే దారి, రేడియో పోయే దారి ఒకటి కావు. అది నేనే పిల్లలకు చెబుతాను. అయినా ఆయన చూపిన చోట్లలో చాలావాటిని మళ్ళీ ముట్టుకోవాల్సిన అవసరం రాలేదు. ఎందుకో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను.

ఆ ఏడు ఆయుధ పూజకు ల్యాంప్ రూమ్‌లో దీపాలు, హెల్మెట్లు, నా ట్యాగులు అన్నీ పటం ముందు వరసగా పెట్టి, కుంకుమ బొట్లు పెట్టి, పూలు చల్లారు. మర్నాడు మధ్యాహ్నం షిఫ్టు అయిపోయాక రాయి పేల్చాలి. అప్పుడు లోపల ఒక్కరు కూడా ఉండకూడదు. తెర చూశాను. అందరి ట్యాగులూ పైనే ఉన్నాయి. "ఖాళీ," అన్నాను. పేల్చే ముందు సైరన్ వేసే ఆయన స్విచ్ మీద చెయ్యి పెట్టాడు.

మామ ల్యాంప్ రూమ్ కిటికీలోంచి, "ఆపప్పా. ఒక దీపం రాలేదు," అన్నాడు.

"రిపేరుకు పోయిందేమో మామా. సిస్టంలో చూపిస్తాంది కదా, లోపల ఎవరూ లేరు," అన్నాను.

"నీ పెట్టె బిళ్ళను చూస్తాది పాపా. నేను మొగం చూస్తా. పంపు కాడ పనిచేసేటోని మొగం నేను చూడలేదు."

షిఫ్టు మేనేజరు గడియారం చూసుకుని విసుక్కున్నాడు. మామ గదిలోంచి బయటికొచ్చి స్విచ్‌కు అడ్డంగా నిలబడ్డాడు. "ఇంటికి పొమ్మంటే పోతా సారూ. వాడు వచ్చినాంక పోతా."

ఇద్దరు దిగారు. వాళ్ళు తిరిగొచ్చేదాకా నేను తెరనే చూస్తూ కూర్చున్నాను. అందులో ఏ మార్పూ లేదు. పంపు ఆయన, సైరన్ వేసినా వినబడనంత మోటారు చప్పుడులో, అడ్డుపడిన పైపు విప్పుకుంటూ కనబడ్డాడట. పేల్చబోయే చోటికి ఒక్క మలుపు ఇవతల. నడుముకు ట్యాగు లేదు. అది పటం ముందు పూల కింద ఉంది.

"పూజలో పెట్టింది మూడు దినాలు కదిలించగూడదు కదా మామా," అన్నాడు పైకొచ్చాక.

"మరి దీపమెట్ల కదిలించినావురా?"

"చీకట్లో కండ్లు కనపడల్ల కదా!"

అందరూ నవ్వారు. మామ నవ్వలేదు. అతని చేతిలో దీపం తీసుకుని, మొహంలోకి చూస్తూ, ఆ ఒక్కరోజు ఏమీ అడగలేదు.

"ఖాళీ" అన్న మాట నాది. ఆయన లేకపోతే ఏమయ్యేదో నాకు తెలుసు. అయినా రిపోర్టులో "సిబ్బంది అప్రమత్తత వల్ల ప్రమాదం తప్పింది" అని రాశాను. ఆ సిబ్బంది ఎవరో రాయలేదు. అది భయమో, చదువుకున్నదాన్నన్న అహమో తేల్చుకోలేకపోయాను. చాలా రోజులకు మామతో చెప్పాను. "నీ మిషను అబద్ధం చెప్పలేదులే పాపా. బిళ్ళ పైనే ఉండాది కదా. దాన్ని మనిషనుకున్నింది మనం," అన్నాడు. తర్వాత, "పేల్చే ముందర ఒక్కొక్కని పేరు పిలవండి. వాని గొంతుతో వాడే పలకల్ల," అన్నాడు. అలాగే చేశాం. పిలిచే పని ఆయనే పెట్టుకున్నాడు.

సోమవారం గనికి పోయాను. ఇప్పుడు గని లోతుకు పోయింది. పేల్చేటప్పుడు కొందరు కిందే, దూరంగా కట్టిన రక్షణ గదిలో ఆగుతారు. ల్యాంప్ రూమ్‌లో మామ చోట కంబదూరు నుంచి వచ్చే అమ్మాయి కూర్చుని ఉంది. కింద ఆగినవాళ్ళ ట్యాగులన్నీ రక్షణ గదిలోనే ఉన్నట్టు తెర చూపిస్తోంది. అయినా ఆ అమ్మాయి వైర్‌లెస్ సెట్ అందుకుని పేర్లు పిలిచింది. ఒక్కొక్కరే పలికారు. పంపు ఆయన పేరు దగ్గర జవాబు లేదు. మళ్ళీ పిలిచింది. సెట్‌లో గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. మేనేజరు ఈసారి గడియారం చూసుకోలేదు. సైరన్ వేసే ఆయన స్విచ్ మీంచి చెయ్యి తీసి స్టూలు మీద కూర్చున్నాడు. అందరం ఆగాం. ఎంతసేపో.

చివరికి దగ్గు వినబడింది. "ఉండానమ్మా. నోట్లో ముద్ద ఉండాది," అని నలిగిన గొంతు.

"ఎవురో తెలీలేదన్నా," అంది ఆ అమ్మాయి. "మింగి, మళ్ళా చెప్పు."