ఎండబెట్టిన పొర

సరిహద్దు పోస్టుకు చేరేసరికి మధ్యాహ్నం రెండు. మంచు, రాళ్లు, చెవులు కోసే గాలి. రెండు బంకర్లు, ఒక లారీ. లారీ నాది. నాది కోరుట్ల, రేడియో చూసేవాడిది సిరిసిల్ల. మా ఇళ్లలో అన్నలంతా దుబాయ్ పోయారు. ఫౌజులో చేరి తప్పించుకున్నది మేమిద్దరం. చూపు పోతే లారీ పోతుంది, నేనూ దుబాయ్ దారే పట్టాలి.

పెద్ద ఆఫీసర్ వస్తున్నాడన్నారు. ఆఫీసర్ వస్తే దారి పక్క రాళ్లకు సున్నం వేయాల్సిందే, చుట్టూ మంచున్నా సరే. నీళ్లు గడ్డకట్టాయి. స్టవ్ మీద మరగబెట్టి, ఆ సలసల కాగే నీళ్లే సున్నపు గడ్డల మీద పోశాం. బుస్సున పొంగి మొహాల మీద పడింది. అతనికి ఎడమ కన్ను, నాకు కుడి కన్ను.

కమాండర్ రేడియో అందుకున్నాడు. "ఇద్దరికి కళ్లు కాలాయి. హెలికాప్టర్ పంపండి."

"మబ్బు తొలగాలి. అందాకా కళ్లు కడుగుతూ ఉండండి," అంది అవతలి గొంతు.

హెలికాప్టర్ దించిన ఆసుపత్రిలో డాక్టరమ్మ విడమరచి చెప్పింది. కాన్పయిన తల్లులు ఇచ్చిన మాయ నుంచి పల్చటి పొర తీసి దాస్తారట. కాలిన కంటికి అది కుడతారు. ఫ్రీజర్లో ఉన్న ఒక్కటీ అతనికి. నాకు ఎండబెట్టి ప్యాకెట్లో దాచిన పొర. రెండూ పనిచేస్తాయంది. మా ఇంట్లో మాయను తడి ఆరకముందే పాతిపెట్టేవాళ్లు. ఎండిన మాయ చచ్చినదనే నా లెక్క.

"నీకు పచ్చిది పెట్టిన్రు. నాకు ఒరుగు పెట్టిన్రు," అన్నాను.

"రెండు ఒక్కటే అన్నది గదనే అన్నా."

"ఒక్కటే అయితే నీది నాకెందుకు పెట్టలే?"

చుక్కల మందు ముందు అతనికి వేస్తే ఆ పూట అన్నం సయించేది కాదు. అతను హాయిగా నిద్రపోయినా ఓర్వలేకపోయేవాణ్ని.

కట్లు విప్పారు. గోడ మీది అక్షరాల్లో నేను కింది వరుస దాకా చదివాను. అతను పైనున్న పెద్ద అక్షరం దగ్గరే ఆగిపోయాడు. పొరలో తేడా లేదంది డాక్టరమ్మ. అతని కన్ను లోతుగా కాలిందట. ఫ్రీజర్లోది పెద్ద ముక్క కాబట్టి అతనికి పెట్టారట.

ఫౌజు అతన్ని ఇంటికి పంపేసింది. నాది సెలవు. ఒకే బస్సులో వచ్చాం. సిరిసిల్లలో పెట్టె దించుకుని కిటికీ దగ్గరకొచ్చాడు.

"దుబాయ్ మెడికల్ల గూడ కండ్లు సూస్తరా అన్నా?"

"సూస్తరట."

అరచేత్తో మంచి కన్ను మూసుకుని నా వైపు తలెత్తాడు.

"కనవడుతున్ననా?" అన్నాను.

"మనిషి ఉన్నట్టు మసకగ కనవడుతుంది. గంతే."

చెయ్యి తీశాడు. బస్సు కదిలింది. నవ్వలేదు, చెయ్యి ఊపలేదు. నా కుడి కన్ను వంకే చూస్తూ నిలబడ్డాడు. ఆ చూపేమిటో నాకు బాగా తెలుసు. ఆసుపత్రిలో రోజూ అతని మంచం వైపు నేను చూసింది అలాగే.