పడవ ఒడ్డున, చుక్క సముద్రంలో

మా చిన్నాయన పోయాడు. పొద్దున వల బాగుచేస్తూ అలాగే పక్కకి ఒరిగిపోయాడట. కబురు వినగానే నాకు ఏడుపు రాలేదు. ‘మరి కేసు సంగతేంటి?’ అనిపించింది. అలా ఎందుకు అనిపించిందో ఇప్పటికీ తెలియదు.

సముద్రంలోకి దిగేముందు ఆయన నెత్తిన నాలుగు సముద్రపు నీటి చుక్కలు చల్లుకుని, "పొయ్యొస్తాం తల్లీ" అనేవాడు. "పోతాం" అని ఎవరినీ అననిచ్చేవాడు కాదు. అంత జాగ్రత్త గల మనిషి, ఆ జాగ్రత్త వల్లే చిక్కులో పడ్డాడు.

ఇంజను పడవలకు మత్స్యశాఖవాళ్లు ఒక డబ్బా ఇచ్చారు. పడవ ఎక్కడుందో అది ఆఫీసుకు చెబుతుంది. ఆపదొస్తే మీట నొక్కాలి. ఈ వేసవి వేట నిషేధంలో ఇంజను పడవలు కదలకూడదు, తెడ్డు వేసే తెప్పలకు ఆ అడ్డు లేదు. చిన్నాయన పడవను ఒడ్డున బోర్లించి, కూరచేపల కోసం తెప్ప మీద వెళ్లాడు. వెళ్తూ పడవ డబ్బాను వెంట తీసుకెళ్లాడు! పడవే వేటకి పోయిందని నోటీసు వచ్చింది.

విచారణకు నన్ను తోడు రమ్మన్నాడు. మైపాడులో నా ఫోన్ల రిపేరు కొట్టు పెట్టించింది ఆయనే. నాకు అన్నీ తెలుసని ఆయన నమ్మకం. అధికారి కంప్యూటరు తెర మావైపు తిప్పాడు. ఒడ్డు నుంచి సముద్రంలోకి వరసగా చుక్కలు.

"ఇది నీ పడవేగా?"

"డబ్బా నాదే సారూ. అది అబద్ధం చెప్పదు."

"అయితే వేటకి పోయినట్టేగా?"

"నేను పొయినా. పడవ పోలా."

అధికారి నావైపు చూశాడు. నేను తెరవైపు చూశాను.

"ప్రాణం కాపాడే డబ్బా అని మీరే గదా ఇచ్చినారు? ప్రాణం నాదా, పడవదా?" అన్నాడు చిన్నాయన.

పడవ ఆరోజు ఒడ్డునే ఉందని చూపే ఫోటో ఒకటి చిన్నమ్మ నాకు పంపింది. అందులో నాకు చేరిన తేదీ ఉంది, తీసిన తేదీ లేదు. తీసిన ఫోను ఉప్పునీళ్లలో పడి పాడైంది. ఇదంతా వివరించబోయి నేనే తికమకపడ్డాను. నిర్ణయం వాయిదా పడింది. పడవ లైసెన్సు పోతే ఆ ఇంటికి వేరే ఆధారం లేదు. బయటికొచ్చాక చిన్నాయన నా భుజం తట్టి, "నీకే తెలీదంటే ఇంక నాకు దిగులెందుకబ్బయా" అన్నాడు. అది ఓదార్పో, ఎగతాళో!

అస్థికలు కలిపేందుకు తెప్ప ఎక్కేటప్పుడు చిన్నమ్మ ఆ డబ్బా పట్టుకొచ్చింది.

"వద్దు చిన్నమ్మా, మళ్లీ కేసవుద్ది."

"అది లేకుండా ఆయన ఏనాడన్నా సముద్రంలోకి పొయినాడా?"

అల దాటామో లేదో ఫోను మోగింది. అధికారి.

"మీ చిన్నాయన పడవ మళ్లీ కదిలింది. ఎవరు తీసుకెళ్లారు?"

ఆ కాల్ ఆపి, వీడియో కాల్ చేసి, ఫోను ఒడ్డువైపు తిప్పాను. ఇసుక మీద బోర్లించిన నీలం పడవ. తర్వాత ఇటు తిప్పాను. చిన్నమ్మ ఒడిలో మట్టికుండ, పక్కన డబ్బా.

"పడవ ఒడ్డునే ఉంది. నేనే చూశానని రాస్తాను," అన్నాడు అధికారి, "ముందు ఆ కార్యం కానివ్వండి."

ఈ మాట వినాల్సిన మనిషి కుండలో ఉన్నాడు. అప్పుడు వచ్చింది నాకు ఏడుపు.

చిన్నమ్మ నెత్తిన నీళ్లు చల్లుకుని కుండ వంచింది. "పొయ్యిరా," అంది. డబ్బా మీద చిన్న ఎర్రదీపం వెలిగి ఆరుతూనే ఉంది.