ఝాన్సీలక్ష్మి ఒక్కతే మార్చాల్సిన నంబరు

ఝాన్సీలక్ష్మిది గిలకలదిండిలో చేపలవేట కుటుంబం. బందరులో మా సాఫ్ట్‌వేర్ ఆఫీసుకు ఆవిడే పెద్ద. రోజూ గుడివాడ నుంచి బస్సులో వచ్చి ఆవిడ చేత చీవాట్లు తినడం నా ఉద్యోగం.

మాది ఒకటే యాప్. అందులో పడవలకో మాడ్యూల్, రొయ్యల చెరువులకో మాడ్యూల్. నీటి లోతు లెక్కగట్టే ప్యాకేజీ మాత్రం రెండింటికీ ఒక్కటే. దాని వెర్షన్ నంబరు ఒక్క ఫైల్లోనే ఉండాలి, ఆవిడే మార్చాలి. నాకు ఒళ్లు మండేది. చెరువులకు లోతు మీటర్లలో ఇచ్చే కొత్త వెర్షన్ కావాలని వారం నుంచి అడుగుతుంటే, "ఆగండి పిచ్చేశ్వరరావు గారూ, పడవల వైపు సరిచూడాలి" అంటుంది. ఈవిడ కాళ్లు పట్టుకోవాలా ఏమిటి అనుకుని, కొత్త నంబరు నా మాడ్యూల్లో నేనే రాసేసుకున్నాను.

రెండు నంబర్లు కనబడితే, యాప్‌ను తయారుచేసే బిల్డు కొత్తదాన్నే అందరికీ వేస్తుంది. ఆ సంగతి నాకు తెలుసు. విసుగులో పట్టించుకోలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఝాన్సీ స్క్రీను చూస్తూ లేచి నిలబడింది. ఇదివరకు బారల్లో ఇచ్చే ప్యాకేజీ ఇప్పుడు మీటర్లలో 'ఒకటి' అని ఇస్తోంది. పడవల మాడ్యూల్ మాత్రం ఎప్పట్లాగే దాని పక్కన 'బార' అని రాస్తోంది. బారంటే ఆరడుగులు. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర నిజంగా ఉన్నది మూడడుగుల పైచిలుకు. పడవకు నాలుగు కావాలి.

"ఎవరు ముట్టుకున్నారండీ?"

నా మాడ్యూల్లో రాసుకున్న నంబరు చూపించాను. ఆవిడ తమ్ముడు నాగబాబు ఐదుగురితో మొగలోకి వచ్చే వేళ అది. నీళ్లు వెనక్కి తీసే పాటు సమయం, పైగా గాలి. ఇసుక తగిలి పడవ అడ్డం తిరిగిందంటే అల బోర్లా కొట్టేస్తుంది.

పాత నంబరు పెట్టి బిల్డు మొదలెట్టింది. పదకొండు నిమిషాలు పడుతుంది. ఈలోగా తమ్ముడికి ఫోన్ చేసింది. రెండుసార్లు మోగి ఆగిపోయింది. మూడోసారి ఎత్తాడు.

"ఒరే, ఫోన్లో అంకె నమ్మకు. గెడ దింపి చూడు."

"బార ఉందిగా అక్కా, వచ్చేస్తున్నాం."

"లేదురా. ముందు దింపు."

గాలి హోరు తప్ప ఏమీ వినబడలేదు.

"నడుంలోతే ఉందే," అన్నాడు చివరికి. ఇంజను వెనక్కి తిప్పిన మోత వినబడింది. ఝాన్సీ కుర్చీలో కూలబడి ఏడ్చేసింది.

పోటు ఎక్కాక, పొద్దుగూకే వేళకు ఒడ్డుకొచ్చారు. మేం అక్కడే ఉన్నాం.

"ఎవరి తప్పక్కా?"

"మా ఆఫీసుదిరా," అంది, నా వంక చూడకుండా. తిట్టినా బాగుండేది.

"నాదేనయ్యా," అన్నాను.

నాగబాబు అరవలేదు. మర్నాడు నన్ను పడవెక్కించి, మొగలో గెడ చేతికిచ్చాడు.

"ఎంతుందండీ?"

దింపి చూసి, "రెండు" అన్నాను.

అతను ఇంజను ఆపేశాడు.

"రెండేంటండీ?"