లిఫ్టు ముందు పరిచిన పావడ

తమిళనాట మా ధర్మపురి బజారు వీధిలో ఆఫీసుల కోసమే కట్టిన తొలి పెద్ద మేడ అది. నా చిన్నప్పుడు ఊళ్ళో అంత ఎత్తున్నదీ, లిఫ్టు ఉన్నదీ మరొకటి లేదు. ఆడిటర్లూ వకీళ్ళూ అందులోనే ఉండేవారు. పక్కనున్న ఇండూరు నుంచి సంతకు వచ్చినవాళ్ళు లిఫ్టు చూద్దామని లోపలికి పోయి తిట్లు తిని వచ్చేవారు. ఇప్పుడు దానికి అద్దాలు తొడిగి, గుమ్మంలో నల్లరాతి మీద దాని చరిత్ర చెక్కించారు. పునాదిరాయి వేసిందెవరు, ప్లాను గీసిందెవరు, అన్నీ ఉన్నాయి. చివర, ఒక్క ప్రమాదమూ జరగకుండా పూర్తయిన కట్టడం అని అరవంలో రాశారు. చదివేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ మేడకు మా అమ్మా, ఆమె చెల్లెలూ కాంక్రీటు మోశారు. సవుకు కట్టెలతో గోడ వెంట మెట్లుమెట్లుగా కట్టిన సారువ మీద ఆడవాళ్ళు మెట్టుకొకరు నిలబడి కాంక్రీటు చట్టి చేతులు మార్చేవారు. పై కప్పు వేసేరోజు అమ్మ అందించిన చట్టి పట్టుకుంటుండగా చిన్నమ్మ కాలి కింది కట్టె విరిగింది. వెనక గోడ పక్కన పడి అక్కడే పోయింది. అప్పటికి ఆమెకింకా పెళ్ళి కాలేదు. మర్నాడు కాంట్రాక్టరు మేకపోతును కోయించి పని మొదలుపెట్టించాడు. దిష్టి తగిలిందట, గోడలకు! పోయిన పిల్లకు ఒక పూవైనా పెట్టలేదు.

పెళ్ళికాకుండా పోయిన ఆడపిల్లకు మా ఇళ్ళలో ఏటా కొత్త గుడ్డలు పెడతాం. పోయిన చోట పావడా రవికా పరిచి, పసుపూ పూలూ పెట్టి మొక్కి, తర్వాత ఇంట్లో ఆడపిల్లకు కడతాం. నా చిన్ననాటి కొత్త పావడలన్నీ ముందు ఆ గోడ కింద మట్టిలో పరిచినవే. ఇప్పుడు నా కూతురు కడుతోంది.

ఈ ఏడు అమ్మా నేనూ పోయి చూస్తే ఆ చోట కార్ల షెడ్డు వేసి, గేటుకు తాళం పెట్టారు. చిన్నమ్మకు గుడ్డలు పరచాలి, తాళం తియ్యమని మేడ మేనేజరును అడిగితే, ఇలాంటివి బయటపడితే ఆఫీసులకు అద్దెకు ఎవరొస్తారని నవ్వుతూ అన్నాడు. మరి రాతి మీద అబద్ధమెందుకన్నాను. చరిత్రలో మంచే రాయాలట. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే. నేను గొంతు పెంచాను. అమ్మ నా చెయ్యి పట్టి లాగింది.

“పేరు రాయమని నేను అడిగితినా? గుడ్డ పరిచేదానికి తావు అడిగితిని, అంతే.”

అంటూనే నేరుగా లిఫ్టు దగ్గరికి పోయి, తలుపు ముందు పసుపుపచ్చ పావడ పరిచింది. దాని మీద పసుపూ మల్లెపూలూ పెట్టి పక్కనే కూర్చుంది. మేనేజరు పరుగున వచ్చి తియ్యమన్నాడు. వీధిలో ఎప్పుడూ అరవమే మాట్లాడే అమ్మ అతనికి మా మాటలోనే జవాబు చెప్పింది.

“మా చెల్లెలి గుడ్డలు ఇవి. కావాలంటే తొక్కుకోని పోండి.”

అతనికి తెలుగు రాదు. అయినా పసుపూ పూలూ చూసి, ముందుకు పెట్టిన కాలు వెనక్కి తీసుకున్నాడు. ఆఫీసులకు వచ్చినవాళ్ళు బ్యాగులతో గుమిగూడారు. వాళ్ళలో ఒకామె చెప్పులు విడిచి దండం పెట్టుకుంది. లిఫ్టు తలుపు తెరుచుకుంది, మూసుకుంది. ఎవరూ పావడ దాటలేదు.

ఆ పొద్దు ఆ మేడలో అందరూ మెట్లెక్కే పైకి పోయారు.