నాలుగేళ్ల ఎత్తు నుంచి

నా చిన్నప్పుడు, పటాన్‌చెరు చుట్టుపక్కల పొలాల్లో ఫ్యాక్టరీలు ఒక్కొక్కటిగా లేస్తున్న రోజుల్లో, ఒక ఆదివారం అంగడిలో మా చెల్లెలు తప్పిపోయింది. దానికి నాలుగేళ్లు, నాకు పది. దాని చెయ్యి వదలొద్దని చెప్పి అమ్మ నాకు అప్పగించింది. రిబ్బన్లు ఎంచుకోవడానికి నాకు రెండు చేతులూ కావలసి వచ్చాయి. తిరిగి చూసేసరికి అది లేదు.

అంగడిని ఆనుకునే బొంబాయి రోడ్డు. లారీలు ఆగకుండా పోతుండేవి. బాపు దాని పేరు పిలుస్తూ రోడ్డు వైపు పరుగెత్తాడు. అమ్మ కూరగాయల సంచి అక్కడే వదిలేసి, ఏడుస్తూ ఇంకో వైపు వెళ్లింది. చుట్టూ ఉన్నవాళ్లు తలా ఒక దిక్కు చూపించారు. నేను అమ్మ వదిలేసిన సంచి పక్కన నిలబడ్డాను.

మాతో అంగడికి వచ్చిన మా మేనత్త మాత్రం పరుగెత్తలేదు. ఆమె బాపుకు అక్క. మందుల ఫ్యాక్టరీలో సీసాలు కడిగే పనికి వెళ్లేది, బడి మొహం ఎరగదు. నా భుజం మీద చెయ్యి వేసి, "చెయ్యి యాడ ఇడిసినవో గాడికి తోల్కపో" అంది. తీసుకుపోయాను.

"ఇగ కూసో" అంటూ తనూ గొంతుక్కూర్చుంది. "నీ చెల్లె ఎంతుంటదో గంత ఎత్తుల నుంచి సూడు. ఏం గానొస్తుంది?"

నిలబడినప్పుడు నాకు తలలూ, తట్టలూ, దుకాణాల మీద కప్పిన పట్టాలూ కనిపించాయి. కూర్చోగానే అంగడి మారిపోయింది. అన్నీ కాళ్లే. ఆ కాళ్ల మధ్య నుంచి, గాజుల బండి కింది సందులోంచి, అవతల రంగులు పూసిన కోడిపిల్లల బుట్ట కనిపించింది. అదే చెప్పాను. "నడువు మరి" అంది.

బుట్ట దగ్గర చెల్లెలు లేదు. నాకు ఏడుపొచ్చింది. అత్త ఓదార్చలేదు, అక్కడే మళ్లీ కూర్చోబెట్టింది. "ఏడిస్తే కండ్లు మసకైతయి. ఈడికెళ్లి ఏం గానొస్తుందో సూడు." కళ్లు తుడుచుకుని చూశాను. ఎడ్లబండి చక్రాల వెనక ఒక తెల్ల మేకపిల్ల. దాని పక్కనే మట్టిలో చతికిలబడి, ముల్లంగి ఆకు తినిపిస్తూ మా చెల్లెలు.

బాపు చెమటలు కక్కుతూ వచ్చి నా మీదికి చెయ్యెత్తాడు. అత్త అడ్డుపడింది. "దాన్నెందుకు కొడ్తవ్ తమ్మీ? దొరకవట్టింది అదే." ఇంటి దారిలో చెల్లెల్ని చంకనెత్తుకుని నాతో అంది: "మన కండ్లతోని ఎతికితే పిల్లలు దొరకరు బిడ్డా. ఆళ్ల కండ్లతోని ఎతకాలె."

పెద్దయ్యాక పంతులమ్మనయ్యాను. కాజీపల్లి దగ్గర ఒక బడిలో చాలా ఏళ్లు లెక్కలు చెప్పాను. చివరి ఏడాది, బీహారు నుంచి పనికొచ్చిన వాళ్ల అమ్మాయి ఒకతె, నేను ఇరవై ఐదు అంటే యాభై రెండు రాసేది. మొద్దు, కింది తరగతికి పంపెయ్యండి అన్నారు తోటివాళ్లు. నేను ఆ పిల్ల పక్కన బెంచీ మీద ఇరుక్కుని కూర్చుని, పైకి అంటూ రాయమన్నాను. "పచ్చీస్" అని గొణిగింది. వాళ్ల హిందీలో ఇరవై ఐదుకు ఆ మాటే; అందులో ఐదు ముందు వినిపిస్తుంది, ఇరవై తర్వాత. పాప విన్న వరుసలోనే రాస్తోంది. ఆ సంగతి చెప్పిన రెండు రోజుల్లో సర్దుకుంది.

రిటైరై పోతిరెడ్డిపల్లిలో ఉంటున్న ఈ వయసులో కూడా, ఎవరి పని అర్థం కాకపోయినా నేను గాబరాపడను. వాళ్లున్న చోటి నుంచి ఏం కనిపిస్తోందో కనుక్కుంటే దారి దొరికి తీరుతుందని నాకు తెలుసు.