చెప్పులు విడిచినవాడికి ఇరవై మార్కులు

“ఆదిలాబాద్ ఆయనకు తొంభై మార్కులు ఎవలేసిండ్రు బాపమ్మా? నువ్వే గదా!”

“ఏసిన, అయితేంది? చెప్పులు బయట ఇడిసి లోపలికొచ్చిండు. చాయ్ పొయ్యకున్నా మొఖం మాడ్సుకోలే. గసొంటోనికి ఎయ్యక ఇంకెవలికేస్తరే?”

“చెప్పులు ఇడిసినోడల్లా గిర్నీ కొంటడా? పొద్దంత ఖరాబాయె. ఏడాది కారమంత మన మిషిన్ల ఉత్తపున్యానికి పట్టించుకున్నడు!”

నా మనవరాలు ఆ సాయంత్రమే ఆదిలాబాద్ నుంచి తిరిగి వచ్చింది. దగ్గర కూర్చుంటే నాకు తుమ్ములు, ఆమె ఒంటి నిండా మిరప ఘాటు. కరీంనగర్‌లో మాకు చిన్న గిర్నీల దుకాణం ఉంది. ఇంట్లోనే పిండి, కారం, పసుపు పట్టుకునే మిషన్లు అమ్ముతాం. మిషన్‌ను ట్రాలీ ఆటోలో వేసుకుని అడిగినవాళ్ల ఊరికి పోయి, వాళ్ల కళ్లముందే ఒక కిలో పట్టి చూపించడం మనవరాలి పద్ధతి. ఆదిలాబాద్ పెద్దమనిషి ఆ ఒక్క కిలో అయ్యాక, “జర గీ రకం గూడ చూడుండ్రి” అంటూ లోపలినుంచి ఒక్కో బస్తా దింపించాడట. చివరికి చేతులు జోడించి, వచ్చే ఏడు చూద్దామన్నాడట.

ట్రాలీ ఒక్కటే. రోజుకు ఒక దిక్కుకే పోగలం. ఎటు పోవాలో తేల్చుకోవడానికే మనవరాలు కంప్యూటర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ పెట్టింది. గిర్నీ కావాలని అడిగిన ప్రతి మనిషి పేరూ అందులో ఎక్కుతుంది. మనం పెట్టిన నియమాల ప్రకారం అది మార్కులు వేసి, కొనేటట్టున్నవాళ్లను పైకి, లేనివాళ్లను కిందికి సర్దుతుంది. దాంతోపాటు వచ్చిన నియమాలు మన ఊళ్లకు పనికిరావని, “గల్లా మీద నలభై ఏండ్లు కూసున్నవు. కొనేటోడెవడో నీకెర్కనే గదా. నువ్వు చెప్పు, నేను ఎక్కిస్త” అంది.

నేను మూడో తరగతితో బడి మానినదాన్ని. మార్కులు వేయించుకోవడమే గాని, వేసే యోగం ఎన్నడూ పట్టలేదు. కుర్చీ ముందుకు జరుపుకున్నాను.

చెప్పులు బయట విడిస్తే ఇరవై. చాయ్ అడగకపోతే ఇంకో ఇరవై. చాయ్‌కీ గిర్నీ కొనడానికీ సంబంధమేమిటని మనవరాలు అడిగితే, పాలు ఎవరి డబ్బుతో వస్తున్నాయని నేను అడిగాను. నా మోకాళ్లెట్లున్నాయని అడిగితే ఇరవై ఐదు. ఈ నియమం నేనే పెట్టానని రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. కరీంనగర్‌లో పెళ్లికి వచ్చి దుకాణంలో తొంగిచూసిన ఆదిలాబాద్ ఆయన మోకాళ్ల సంగతి రెండుసార్లు అడిగాడు.

ఇక మిషన్ గురించి అడిగిందే మళ్లీ అడిగితే, అడిగినప్పుడల్లా పది కోత.

“అట్టడుగున ఎవలున్నరో చూసినవా?” అంటూ మనవరాలు తెరను నావైపు తిప్పింది.

నస్పూర్ ఆవిడ. భర్త బొగ్గుబాయి పని నుంచి దిగిపోయాడు. వాడకట్టులో కారం పట్టిచ్చి నాలుగు రాళ్లు సంపాదించాలని ఆమె ఆశ. నెలలో ఎనిమిదిసార్లు ఫోన్ చేసింది. కరెంటు ఎంత కాలుతుంది, పసుపు కొమ్ములేస్తే మోటరు ఆగదా, చెడిపోతే ఎవరొస్తారు, ప్రతిసారీ ఇవే. ఆమెకు సున్నాకు కింద డెబ్భై మార్కులు. సున్నాకు కింద కూడా మార్కులుంటాయని మా బడిలో చెప్పలేదు. చెప్పేలోపే నేను మానేసి ఉంటాను.

“అన్నిసార్లు అడిగేటోళ్లు కొనరే. పొద్దువోక అడుగుతరు.”

“మరి నువ్వు బీరువా కొనేటప్పుడు ఎన్నిసార్లు తిరిగినవు?”

పదకొండుసార్లు. పోయిన ప్రతిసారీ తలుపు కొట్టి చూశాను, గోటితో రంగు గీకాను, అదే ధర మళ్లీ అడిగాను. ఆరోసారి నుంచి నేను గడప ఎక్కుతుంటే దుకాణం ఆయన వెనక గదిలోకి పోయేవాడు.

“ఆగు, నిన్ను గూడ ఎక్కిస్త” అని మనవరాలు నా పేరు కొట్టింది. చెప్పులు? ఎవరైనా ఎత్తుకుపోతారని నేను విడవను. చాయ్? అడిగి మరీ తాగుతాను. ఎదుటివాళ్ల మోకాళ్ల ఊసు నాకెన్నడూ పట్టలేదు. సాఫ్ట్‌వేర్ నన్ను నస్పూర్ ఆవిడ కిందికి తోసింది.

“గట్లయితే ఇన్నేండ్లు నాకు సామాన్లు ఎవలు అమ్మిండ్రే?” అన్నాను కోపంగా.

“గల్లా మీద నీ అసొంటి బాపమ్మ లేనోళ్లు” అంది.

నస్పూర్ ఆవిడ చివరిసారి అడిగి తొమ్మిది రోజులైందని తెర మీద కనబడింది. మేము ఒక్కసారీ తిరిగి ఫోన్ చేయలేదు. అడుగున ఉన్నవాళ్లకు చేసి పొద్దు పాడుచేసుకోవద్దన్నదీ నేనే.

తెల్లవారి ఎనిమిదింటికి నస్పూర్‌కు నేనే ఫోన్ చేశాను.

“మంచిర్యాలల కొన్న అమ్మా, నాలుగు రోజులాయె” అంది ఆవిడ. “మీదే తీసుకుందామనుకున్న. మీరు ఒక్కపారి గూడ మల్ల చెయ్యకపోతిరి.”

ఫోన్‌లో ఆవిడ వెనక గిర్నీ తిరుగుతున్న చప్పుడు వినిపించింది. మంచిదమ్మా అని ఫోన్ పెట్టేశాను. మనవరాలు కంప్యూటర్ ముందు కూర్చుంది. కోతను తీసేసి, మళ్లీ అడిగినప్పుడల్లా పది కలిపేటట్టు మార్చింది. పేర్లన్నీ కిందామీదా అయ్యాయి. ఐదుసార్లు అడిగిన భైంసా ఆమె పైకొచ్చింది. తొమ్మిదింటికి ట్రాలీ భైంసాకు బయలుదేరింది. నేను దుకాణం తెరిచాను.